చుక్కల పెట్ట మళ్ళీ వాకిట్లోకి

ఫిబ్రవరి 3, సోమవారం

కొళాయి దగ్గర ఒకామె అడిగింది, "కదిరమ్మ నీకేమయితాదమ్మా?" అని. బిందె నిండిందని తప్పించుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చాక కూడా జవాబు దొరకలేదు. రాసి చూస్తే తెలుస్తుందేమో. ఎరువుల అంగడి వాళ్ళు ఇచ్చిన ఈ డైరీ టీవీ పక్కన ఖాళీగానే పడి ఉంది. మా ఆయనకు రాసే అలవాటు లేదు.

ఈ ఇల్లు కదిరమ్మది. ఆమె ఒక్కగానొక్క కూతురు మహేశ్వరి. ఆ మహేశ్వరికి ఓబిలేష్ ఇల్లరికం వచ్చాడు. రెండేళ్ళ కిందట మహేశ్వరి జ్వరంతో పోయింది. కూతురు లేని ఇంట్లో అల్లుడు ఒంటరిగా తిరగడం చూడలేక, కదిరమ్మే ఈ కుందుర్పి నుంచి రెండు బస్సులు మారి మా గుమ్మఘట్టకు వచ్చి నన్ను చూసింది. "ఇంట్లో దీపం పెట్టే మనిషి కావల్లప్పా" అని మా నాయనతో చెప్పింది. ముప్పై మూడేళ్ళు వచ్చి, రాయదుర్గం ఆడపిల్లల హాస్టల్లో వంట పని చేసుకుంటున్న నేను అలా ఓబిలేష్ భార్యనయ్యాను. మరి ఆమె నాకేమవుతుంది? అత్త కాదు. అమ్మా అందామంటే ఆమెకు ఎక్కడ గుచ్చుకుంటుందో. పెద్దమ్మా అంటున్నాను.

వచ్చి మూడు నెలలు. ఇన్నాళ్ళలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పప్పు మాడితే మాడిన పప్పే తిని చేయి కడుక్కుంది. చీపురు పట్టుకుంటే "వద్దులేమ్మా, నేను చేసుకుంటా" అంటుంది. రాగి సంకటి కెలకబోతే "వద్దులేమ్మా, చేయి కాలుతాది" అంటుంది. తొమ్మిదేళ్ళు నూట ఇరవై మందికి సంకటి కెలికిన చెయ్యి ఇది. అయినా సరే అంటాను.

నాకిక్కడ ఏ కష్టమూ లేదు.

కోళ్ళలో చుక్కల పెట్ట పొద్దున్నుంచీ గూట్లోంచి బయటికి రాలేదు.

ఫిబ్రవరి 4

ఇవాళ కూడా లేవలేదు. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంది.

ఫిబ్రవరి 5

పొదగడానికి కూర్చుంది. అనుమానం లేదు. రొమ్ము మీది ఈకలు అదే పీక్కుని కింద పరుచుకుంది.

ఇంట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. అన్నీ కదిరమ్మ పెంచినవే. వాటిలో చుక్కల పెట్ట పెద్దది. గింజలు చల్లితే ముందు దాని ముక్కే పడాలి. ఎర్రపెట్ట తొందరపడితే నెత్తిన ఒక్క పోటు పొడిచి పక్కకు తోస్తుంది. రోజంతా మళ్ళీ గొడవ ఉండదు. నేను వచ్చిన కొత్తలో వాకిట్లో కూర్చుని ఇదే చూసేదాన్ని. చేయడానికి వేరే పని లేక.

మధ్యాహ్నం ఆమె బకెట్టులో నీళ్ళు పట్టింది. కోడిని నీళ్ళలో నాలుగు మునకలు వేయించి, రెండు రోజులు గంప కింద మూస్తే వేడి దిగి మళ్ళీ గుడ్లు పెడుతుందని ఆమె ఉద్దేశం. నేను వెళ్ళి అడిగాను.

"పెద్దమ్మా, గుడ్లు పెట్టి కూర్చోబెడితే కాదా? మా అమ్మ కూర్చోబెట్టేది."

ఆమె బకెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇంట్లో రెండేండ్లుగా కోడిపిల్లల్ని దించలేదమ్మా. యాలనో చేయబుద్ధి కాలేదు." బకెట్టు కింద పెట్టింది. "నీకు చేయబుద్ధయితే చెయ్యి. నీ ఇష్టం."

"నేను చూసుకుంటా."

"సరే. నీ కోడి అనుకో."

బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి కరివేపాకు చెట్టుకు పోసింది.

ఫిబ్రవరి 6

వారం లోపల పెట్టిన గుడ్లు పదకొండు ఏరాను. వెదురు గంపలో ఇసుక పోసి, పైన శనక్కాయ పొట్టు పరిచి, మసక వేళ కోడిని ఎత్తి కూర్చోబెట్టాను. రెండు సార్లు తిరిగింది, కాళ్ళతో గుడ్లు సర్దుకుంది, కూర్చుంది. చేతి మీద రెండు పోట్లు. పరవాలేదు.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి గంప అంచున ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు ఉన్నాయి. ఉరుముకూ దిష్టికీ అలా పెడతారు. ఆమె పెట్టింది. పెట్టినట్టు చెప్పలేదు, నేనూ అడగలేదు.

లెక్కన ఇరవై ఏడో తేదీకి పిల్లలు.

ఫిబ్రవరి 8

చుక్కల పెట్ట మేతకు దిగిన పావుగంటలో ఎర్రపెట్ట గంపలోకి ఎక్కి కూర్చుంది. అది దిగాక చూస్తే పన్నెండు గుడ్లు. ఏది కొత్తదో తెలియదు. వెచ్చగా అనిపించిన గుడ్డును తీసేసి, మిగిలిన వాటి మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాను. తప్పు గుడ్డు తీశానేమో.

ఇలా రోజూ జరిగితే కుదరదు. గంపను శనక్కాయ మూటల రూములోకి మార్చాను. తలుపు వేస్తే ఎవరూ రారు. చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. పొదిగే కోడికి అంతకన్నా ఏం కావాలి.

నేను గంప మోసుకుపోతుంటే ఆమె గడపలో కూర్చుని కత్తితో చింతపండు గింజలు తీస్తోంది.

"రూములోకా?"

"అవును పెద్దమ్మా. ఈడ ఎర్రది ఎక్కి తొక్కుతాండాది."

"ఆ రూములో అయితే మిగిలినవాటికి కనపడదు గదా." కత్తి ఆపింది. "కనపడేతట్ల ఉంటే..."

నేను నిలబడ్డాను.

"ఏం లేదులేమ్మా. నీ ఇష్టం" అని మళ్ళీ గింజలు తీయడంలో పడింది.

ఫిబ్రవరి 9

రోజూ తొమ్మిదికి కోడిని నేనే ఎత్తి పెరట్లోకి తెస్తున్నాను. మొదట రాయిలా కూర్చుంటుంది. తర్వాత గుర్తొచ్చినట్టు లేచి ఇంత పెద్ద రెట్ట వేసి (వాసన చెప్పలేను), నీళ్ళు తాగి, జొన్నలు తిని, దుమ్ములో పొర్లి తానే తలుపు దగ్గరికి పోయి నిలబడుతుంది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ మిగతా కోళ్ళను ముందు వాకిట్లోనే ఆపుతున్నాను.

నాకో పని దొరికింది. బాగుంది.

ఫిబ్రవరి 13

వారమైంది. చీకటి రూములో సెల్‌ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూశాను. ఒకటి ఖాళీగా, గాజులా వెలిగింది. ఇంకోటి కూడా. మూడోదాంట్లో ఎర్రటి దారాలు! సాలెపురుగు అల్లినట్టు సన్నగా, మధ్యలో ఒక చుక్క కదులుతోంది.

కేక వేశానేమో, ఆమె పరుగున వచ్చింది.

"ఏమాయె?"

"ఏం కాలేదు పెద్దమ్మా. ఇదో చూడు."

ఆమె నా పక్కన గొంతుక్కూర్చుని చూసింది. మా తలలు దాదాపు తగిలాయి. ఆమె దగ్గర తమలపాకు వాసన వచ్చింది.

"నేను యాభై తూర్లు కూర్చోబెట్టుంటా కోళ్ళను" అంది నెమ్మదిగా. "లోపల ఇట్లుంటాదని ఇన్నేండ్లకు చూస్తాండా. మేము నీళ్ళలో వేసి చూసేవాళ్ళం, కదుల్తాండాదా లేదా అని. మహేశ్వరి అయితే..."

నేను తర్వాతి గుడ్డు లైటు మీద పెట్టాను. తొమ్మిదీ చూసేదాకా కూర్చుంది. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని లేచింది.

తొమ్మిది బాగున్నాయి. రెండు తీసేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆమె తమ్ముడు గంగాధరప్ప విడపనకల్లు నుంచి ఫోన్ చేశాడు. ఆమెకు చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టింది, అందుకే విన్నాను. వినాలని కాదు.

"ఇంగ నీకు ఆడ పనేముండాదక్కా? అల్లునికి ఇల్లాలొచ్చె. నువ్వొచ్చి మా దగ్గర ఉండు."

"చూస్తాం లేప్పా" అందామె.

"చూసేదేముండాది? ఉగాదికి లోపల వచ్చి పిల్చుకపోతా."

సాయంత్రం ఆమె తన ట్రంకుపెట్టె తీసి చీరలు ఎండలో వేసింది. పెట్టెలో చీరలు ఎప్పుడైనా ఎండబెడతారు.

ఫిబ్రవరి 17

పోతే ఆమెకు మంచిదే. తమ్ముడి పిల్లలు, మనవలు. మార్పు.

ఫిబ్రవరి 18

మంచిదే.

ఫిబ్రవరి 20

ఓబిలేష్ బండి తోలుకుపోయి కోలారు మార్కెట్టులో టమాటా దించి పొద్దున వచ్చాడు. తల స్నానం చేసి తింటున్నప్పుడు చెప్పాను, పెద్దమ్మ తమ్ముడి దగ్గరికి పోయేట్టుంది అని. ఆమె పక్కింటికి వెళ్ళి ఉంది.

"అత్త నాతో ఏమీ చెప్పలేదే."

"నాతో కూడా చెప్పలేదు. చీరలు ఎండబెట్టింది."

ఆయన ముద్ద పట్టుకుని ఆలోచించాడు. "పోతానంటే ఆపేదెట్ల? ఆమె ఇల్లు, ఆమె ఇష్టం."

"ఆమె ఇల్లయితే ఆమె ఎందుకు పోవల్ల?"

ఆయన చేయి కడుక్కుని బండి టైరులో గాలి చూసుకోవడానికి వెళ్ళాడు. గాలి బాగానే ఉంది, నేను చూశాను.

మంచి మనిషే. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒక మాట అనాలంటే మాత్రం టైరు గుర్తొస్తుంది.

నాకు తెలుసు ఆమె ఎందుకు పోతోందో. నేను వచ్చానని. నన్ను చూస్తే కూతురు గుర్తొస్తుందని. పైకి ఏమీ అనదు. అనని మనిషితో ఏం మాట్లాడాలి?

ఫిబ్రవరి 22

గింజలు చల్లితే ఇప్పుడు ఎర్రపెట్ట ముందు తింటోంది. బూడిదపెట్ట దగ్గరికి వస్తే నెత్తిన పొడుస్తోంది. అచ్చం చుక్కల పెట్ట పొడిచినట్టే. రెండు వారాల్లో ఎంత నేర్చుకుంది.

ఫిబ్రవరి 26

చెవి దగ్గర పెట్టుకుంటే గుడ్డులోంచి చప్పుడు! టిక్, టిక్. తర్వాత కీచుమని. ఆమెను పిలిచి చెవి దగ్గర పెట్టాను.

"నాకు వినపడదమ్మా."

గుడ్డును ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ళు మూసి కాసేపు ఉంచుకుంది. "కదుల్తాండాది" అంది.

ఫిబ్రవరి 27

ఎనిమిది!

ఫిబ్రవరి 28

నిన్న రాయడానికి తీరిక లేదు. పొద్దున రెండు, మధ్యాహ్నానికి ఐదు, పొద్దు గూకేలోపల ఎనిమిది. తొమ్మిదో గుడ్డు పగల్లేదు. మూడు పసుపు, నాలుగు గోధుమ రంగు, ఒకటి నల్లది. ఆ నల్లది అన్నిటికన్నా ముందు తల్లి రెక్కల్లోంచి తల బయట పెట్టి నన్ను చూసింది.

కొర్ర నూక ఆమె తెచ్చింది. పాత మూత ఒకటి తెచ్చి నీళ్ళు పోసి, పిల్లలు పడి మునగకుండా మధ్యలో గులకరాళ్ళు వేసింది. ఓబిలేష్ కూడా వచ్చి కూర్చున్నాడు. ముగ్గురం ఆ చిన్న రూములో మూటల మీద కూర్చుని అరగంట చూశాం. ఈ ఇంట్లో ముగ్గురం ఒక్కచోట కూర్చోవడం ఇదే మొదటిసారి అనుకుంటా. తినేటప్పుడు కూడా ఆమె మాతో కూర్చోదు. "మీరు తినండి, నేను తర్వాత తింటా" అంటుంది.

మార్చి 4

పిల్లలు బాగున్నాయి. తల్లి తిని పిలుస్తుంది, పిల్లలు దాని ముక్కు దగ్గరికి పరుగెడతాయి. నల్లపిల్ల తల్లి వీపు ఎక్కి పడుకుంటుంది.

ఇవాళ సంకటి నేను కెలికాను. ఆమె పక్కింట్లో ఉన్నప్పుడు. వచ్చి చూసి మూత పెట్టింది.

మార్చి 7

ఎండ పెరిగింది. రూములో ఇక ఉక్క. పిల్లలకు ఎండ తగలాలి, మట్టి తగలాలి. ఆదివారం వాకిట్లోకి వదులుతాను. ఆమెకు చెప్పాను. "ఊ" అంది. ఏదో అనబోయి నీళ్ళ చెంబు తీసుకుంది.

మార్చి 9, ఆదివారం

రాయాలి. రాయకుండా పడుకోలేను.

పొద్దున ఎనిమిదికి తలుపు తీశాను. చుక్కల పెట్ట ముందు, వెనక ఎనిమిది పిల్లలు. వాకిట్లోకి రాణిలా నడిచి వచ్చింది. నేను సెల్‌ఫోన్‌తో ఫొటో కూడా తీశాను. ఒక్క నిమిషం. అంతలో ఎర్రపెట్ట అవతలి నుంచి మెడ ఈకలు రేగించుకుని వచ్చింది. వెంట బూడిదది, ఇంకో రెండు. తమ గూటి పెద్దదే అని ఒక్కటీ గుర్తుపట్టలేదు. వేరే ఊరి కోడి చొరబడినట్టు మీద పడ్డాయి.

చుక్కల పెట్ట పోట్లాడింది. కానీ నెల రోజులుగా సరిగా తినక దాని ఒంట్లో ఎముకలే మిగిలాయి. ఎర్రపెట్ట జుట్టు పట్టుకుని ఈడ్చింది. పిల్లలు నాలుగు దిక్కులా చెదిరాయి. నేను చీపురు తీసుకుని ఉరికేలోపల బూడిదపెట్ట నల్లపిల్లను ముక్కుతో పట్టి విసిరేసింది.

కదిరమ్మ లోపల్నుంచి ఎలా వచ్చిందో తెలియదు. ఎర్రపెట్టను రెక్కలు పట్టి ఎత్తి గూట్లో పడేసింది, బండ అడ్డం పెట్టింది. పిల్లల్ని కొంగులోకి ఏరింది. నేను చుక్కల పెట్టను పట్టుకుని కూర్చున్నాను. జుట్టు సగం చినిగి నెత్తురు దాని కంటి మీదికి కారుతోంది. ఆమె పసుపు, వేపనూనె కలిపి తెచ్చి రాసింది. తన కొంగుతోనే నెత్తురు తుడిచింది. ఏడు పిల్లలు గంప కింద కీచుకీచుమంటున్నాయి. నల్లది ఆమె అరచేతిలో ఉంది. మెడ వాలిపోయింది.

"మిగిలినవాటికి కనపడకుండా పెడ్తే ఇట్లే అయితాది" అంది ఆమె, తనలో తాను అనుకున్నట్టు. "నెల దినాలు కంటికి కనపడకపోతే అవి మర్చిపోతాయి. కొత్త కోడి అనుకుంటాయి."

నాకు కోపం ఎక్కడ నుంచి వచ్చిందో.

"నీకు తెలుసు గదా పెద్దమ్మా. ఆ పొద్దే యాల చెప్పలేదు?"

"నీ కోడి, నీ ఇష్టమని చెప్తి గదా."

"ఇష్టం కాదు నేనడిగేది. తెలిసిన మాట ఒకటి చెప్తే ఏమయితుండె? నేను గంప మోసుకుపోతాంటే చూస్తా కూర్చుంటివే."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. గోడ అవతల పక్కింటామె గిన్నెల చప్పుడు ఆగింది.

ఆమె తల ఎత్తింది. "చెప్తే నువ్వేమనుకుంటావో అని చెప్పలేదు. వచ్చి నాలుగు నెలలు గాలేదు, అప్పుడే ముసిల్ది అజమాయిషీ చేస్తాండాదని ఊర్లో అంటారని చెప్పలేదు. పిల్చుకొచ్చిందే నేను. నేనే నిన్ను పొడుచుకు తింటే యట్ల? నా బిడ్డ ఉంటే చెప్పేదాన్ని. నాలుగు తిట్టి మరీ చెప్పేదాన్ని."

"నన్ను గూడా తిట్టి చెప్పుండల్లసింది. ఆ పిల్ల బతికుండేది."

ఆమె కరివేపాకు చెట్టు కింద గుంత తీసింది. నేను కప్పెట్టాను.

ఒక సంగతి రాసుకోవాలి. గంప మోసుకుపోయిన రోజు ఆమె సగంలో ఆపేసిన మాట నేను విన్నాను. నిలబడి విన్నాను. రెండో సగం అడగలేదు. అడిగితే గంప అక్కడే పెట్టమంటుందని, ఆ రూము ఒక్కటైనా నాది కావాలని. ఆమె చెప్పలేదు సరే. నేనూ అడగలేదు.

మార్చి 10

ఏమీ రాయాలని లేదు.

మార్చి 11

పొద్దున నేను లేచేసరికి ఆమె వాకిట్లో పెద్ద కోళ్ళ గంప బోర్లించి ఉంది. వెదురు సందుల్లోంచి అటు ఇటు కనపడుతుంది, ముక్కు మాత్రం పట్టదు.

"రా మే, ఇట్ల" అంది. "ఆ పెట్టనూ పిల్లల్నూ తెచ్చి దీని కింద వదులు."

ఆమె నన్ను 'అమ్మా' అనకుండా, ఇంటి ఆడపిల్లను పిలిచినట్టు 'మే' అనడం ఇదే మొదలు.

తెచ్చి వదిలాను. ఎర్రపెట్ట వచ్చి గంప చుట్టూ మూడు సార్లు తిరిగి పొడిచింది. వెదురు తగిలి ముక్కు నొచ్చి పోయింది.

"గంప బయట గింజలు చల్లు. లోపల గూడా అదే పొద్దులో చల్లు. పక్కపక్కన తినల్ల. రోజూ."

"ఎన్ని రోజులు?"

"వారం. ఇంగ రవ్వంత ఎక్కువే పెట్టుకో. దానికి ఒంట్లో బలం రావల్ల గదా ముందు. ఉడకబెట్టిన గుడ్డు మెత్తగా చేసి పెట్టు."

"కోడికి గుడ్డా?"

"చెప్తే చెయ్యి మే."

చేశాను.

మార్చి 14

ఎర్రపెట్ట ఇప్పుడు గంపను పట్టించుకోవడం లేదు. పక్కనే దుమ్ములో పొర్లుతోంది. చుక్కల పెట్ట లోపల పొర్లుతోంది. జుట్టు మీద పుండు ఎండింది. ఏడు పిల్లలకూ రెక్కల ఈకలు వస్తున్నాయి.

ఆమె వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చుంటోంది. నేను మెట్టు మీద కూర్చుంటున్నాను. ఇవాళ మహేశ్వరి గురించి చెప్పింది. చిన్నప్పుడు కోడిపిల్లను లంగా జేబులో పెట్టుకుని బడికి పోయిందట. ప్రార్థనలో అది అరిచిందట. చెప్పి చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వొచ్చా అని ఆలోచించలేదు, తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 16

పప్పులో ఉప్పు ఎక్కువైంది. "నీ చేతిలో ఉప్పు డబ్బా పెట్టకూడదు మే. హాస్టల్లో ఆ పిల్లలు ఎట్ల తిన్యారో పాపం" అంది. ఓబిలేష్ నా మొహం చూశాడు, ఏమంటానో అని.

"నూట ఇరవై మందికి వేసిన చెయ్యి పెద్దమ్మా. ముగ్గురికి యట్ల వేసేది తెలియడం లేదు" అన్నాను.

ఆయన పళ్ళెం తీసుకుని టైరు చూడ్డానికి పోలేదు. ఇంకొంచెం వేయించుకుని తిన్నాడు.

మార్చి 19

ఇవాళ గంప ఎత్తాం.

ముందు వాకిట్లో రెండు మూలలా, మధ్యలో ఒకచోట జొన్నలు చల్లమంది ఆమె. అన్నీ ఒక్కచోట చేరకుండా. తర్వాత గంప అంచు పట్టుకుని, "నువ్వు చీపురు పట్టుకో. నేను చెప్పేదాంకా కదలద్దు. అవి తేల్చుకోవల్ల" అంది.

ఎత్తింది.

చుక్కల పెట్ట పిల్లల్ని వెనక వేసుకుని నిలబడింది. ఎర్రపెట్ట తల ఎత్తింది. వచ్చింది. ఎదురెదురుగా మెడలు చాపి రెండూ ఆగాయి. నేను చీపురు ఎత్తాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

రెండూ ఒకేసారి ఎగిరాయి. ఒకసారి, రెండోసారి. మూడోసారి చుక్కల పెట్ట కింద పడింది. లేచి మళ్ళీ ఎగిరి ఎర్రదాని నెత్తిన పొడిచింది. పొడిచి వదల్లేదు. ఎర్రపెట్ట మెడ కిందికి వంగింది, విదిలించుకుని పక్కకు నడిచి అక్కడేదో గింజ ఉన్నట్టు నేలను పొడుచుకుంది. అక్కడ గింజ లేదు.

బూడిదపెట్ట పిల్లల వైపు ఒక అడుగు వేసింది. చుక్కల పెట్ట చూసిన చూపుకే ఆగిపోయింది.

"అయిపాయె" అంది కదిరమ్మ. మణికట్టు వదిలాక చూస్తే నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

చుక్కల పెట్ట జొన్నల దగ్గరికి పోయి పిల్లల్ని పిలిచింది. ఎర్రపెట్ట కూడా వచ్చి అదే కుప్పలో ఓ పక్క తింది. చుక్కల పెట్ట పోనిచ్చింది.

మార్చి 20

అన్నీ కలిసి చింతచెట్టు నీడలో పడుకున్నాయి. ఏడు పిల్లలూ ఉన్నాయి. మూడుసార్లు ఎంచాను.

మార్చి 23, ఆదివారం

పదింటి బస్సుకు గంగాధరప్ప వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో మైసూరుపాకు పొట్లం. ఆయన నాకు ఏమవుతాడా అని ఆలోచించాను. ఓబిలేష్ వైపు నుంచి చూసినా మామే, ఆమెను అమ్మ అనుకుని చూసినా మామే. ఈ ఒక్కటైనా తేలిగ్గా తేలింది.

కాఫీ ఇచ్చాను. ఓబిలేష్ మంచం వేశాడు. గంగాధరప్ప మాటలు తిప్పే మనిషి కాదు.

"సామాన్లు సర్దుకున్యావా అక్కా? మధ్యాహ్నం బస్సుకు పోదాం."

ఆమె కాఫీ గ్లాసు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ట్రంకుపెట్టె మంచం కిందనే ఉంది. సర్దిందో లేదో నాకు తెలియదు. నెల రోజులుగా చూడకూడదని చూడలేదు.

"ఏమో అప్పా" అంది. "వీళ్ళకు..."

"వీళ్ళకేముండాది? ఇద్దరు బాగుండారు. నీకు జెప్తాండా. కూతురు పోయినాక ఈడ నీకెవరుండారక్కా?"

నేనక్కడే నిలబడి ఉన్నాను, మైసూరుపాకు ప్లేటు పట్టుకుని. ఆయన తప్పుగా అనలేదు. అక్క మీద ప్రేమతోనే అన్నాడు. ఓబిలేష్ లేవబోయాడు, బండి వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నేనుండా మామా" అన్నాను.

ప్లేటు మంచం మీద పెట్టాను.

"ఆమె రాదు. నువ్వు భోజనం చేసి పో."

"ఏమ్మే" అని ఆమె గ్లాసు ఠక్కున పెట్టింది. "నన్నడక్కుండా నా మాట నువ్వెట్ల చెప్తావు? నాకు నోరు లేదా?"

"అడిగితే వద్దులేమ్మా అంటావు. నీ ఇష్టమమ్మా అంటావు. పోవల్లని ఉంటే నువ్వే చెప్పు పెద్దమ్మా, నా ముందర చెప్పు. నేనే పెట్టె మోసుకొచ్చి బస్సెక్కిస్తా. నేనేమనుకుంటానో అని మాత్రం పోవద్దు. నువ్వు పోతే నేను... నాకు బాగుండదు."

ఇంకా మంచి మాటలు ఉండి ఉంటాయి. అప్పుడు అవే వచ్చాయి.

గంగాధరప్ప అక్కను చూశాడు, నన్ను చూశాడు, చివరికి ఓబిలేష్‌ను చూశాడు.

"ఏమప్పా, ఇది రోజూ ఇంతేనా?"

"ఈ మధ్యనే మొదలాయె" అన్నాడు ఓబిలేష్. ఎందుకో ఆయన మొహం వెలిగిపోతోంది. "ఉండల్ల మామా. అత్త ఉండల్ల. నేను గూడా చెప్తాండా." ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఆయన ఒక మాట అన్నాడు. తారీఖు వేసి రాసుకోవాల్సిన సంగతే.

ఆమె చాలాసేపు వాకిలి వైపు చూసింది. తర్వాత తమ్ముడితో, "ఎండలు తగ్గినాక పది దినాలుండి పోనీకి వస్తాలే. పది దినాలే" అంది. లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి లోపల్నుంచి, "నలుగురికి పళ్ళాలు పెట్టండి, అందరం కూర్చుందాం" అని వినిపించింది. ఎవరిని అన్నదో పేరు పెట్టలేదు. ఓబిలేష్ లేచి పెట్టాడు.

గంగాధరప్ప మధ్యాహ్నం బస్సుకే పోయాడు. పోయేటప్పుడు నాతో, "నోరు బాగుండాదమ్మా నీకు" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియదు.

అప్పటి నుంచి సాయంత్రం దాకా ఆమె నాతో మాట్లాడలేదు. తమ్ముడి ముందర పరువు తీశానని. గిన్నెలు కొంచెం గట్టిగా పెడుతోంది. నేను వాకిట్లో కోళ్ళను గూట్లోకి తోలుతున్నాను. గూటి అడుగున రెట్ట పేరుకుపోయింది, బండలు లేపి కడిగి సున్నం కొట్టాలి.

ఆమె వెనక నుంచి వచ్చి గూట్లోకి తొంగి చూసింది.

"రేపు పొద్దున బిన్నె లెయ్యి మే. ఈ బండలు లేపనీకి నా ఒక్కదానితో కాదు."

"ఎన్నింటికి?"

"ఐదుకు."

సరే అన్నాను. లోపలికి వచ్చి ఫోన్‌లో ఐదుకు అలారం పెట్టాను. తర్వాత ఆలోచించి నాలుగున్నరకు మార్చాను.